సిర్కా సాక్ష్యం

జీవశాస్త్రం చదివి కలకత్తాలో పేటెంట్ల పనిలో చేరాక నాకు దొరికిన మొదటి కక్షిదారు మా అక్క భర్త. బావది రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, చర్చిలో పెద్దరికం. కాఫీ కూడా మత్తేనని మానేసిన మనిషి. అలాంటివాడు ఇంటి వెనక వసారాలో ఇప్పపువ్వు పులియబెట్టి సిర్కా, అదే వెనిగర్, తీశాడు. పులిసిన నీళ్లను బుట్టలో నింపిన వెదురు పేళ్ల మీద చుక్కచుక్కగా జార్చితే నెలలు పట్టే పని వారంలో అయిపోయేది. కిటుకంతా ఆ పేళ్లలోనే ఉంది.

సెలవు పెట్టి వెళ్లి దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. అది దాఖలయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను. నలుగురికీ తెలిసింది కొత్తది కాదు, దానికి హక్కు రాదు. అక్కకి కూడా చెప్పనన్నాడు. చెప్పలేదు. వాసనే చెప్పింది.

ఇప్పపువ్వు పులిసిన వాసన, రాయగడ అప్పట్లో ఉన్న కొరాపుట్ జిల్లాలో పసిపిల్లలు కూడా పోల్చుకుంటారు. చర్చి పెద్ద సారా కాస్తున్నాడన్న మాట క్వార్టర్లన్నీ తిరిగి పాస్టరు అయ్యగారికి చేరింది. పెద్దరికం తీసేస్తారని అక్క ఏడుస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ, జ్వరం తగ్గినవాళ్లూ ట్రాన్స్‌ఫరు ఆగినవాళ్లూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాక, బావ సీసాతో లేచాడు. నేను కూర్చున్నచోటి నుంచే వద్దని తల ఊపాను.

"మా బామ్మర్ది సెప్పొద్దని సైగ సేస్తున్నాడు. ఆడి ఉద్యోగం అలాటిది," అని మొదలుపెట్టాడు. పువ్వు నానబెట్టడం దగ్గర్నుంచి వరసగా చెప్పుకొచ్చాడు.

అయ్యగారు ఆపి, "మద్దిలో ఏటవుద్ది?" అని అడిగారు.

"మద్దిలో సారాయేనండి. నేనక్కడ ఆగనండి."

నవ్వులు ఆగాక, ముందు బెంచీలోంచి ఒక నర్సమ్మ, "మరా పేళ్ల బుట్టేటి?" అంది. బావ నావైపు చూశాడు. అడిగింది చర్చిలో. చెప్పేశాడు. వెనక బెంచీలకు వినపడలేదంటే మళ్లీ చెప్పాడు. సీసా చేతులు మారుతూ వెళ్లింది. అయ్యగారు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, ముఖం చిట్లించి, ఇది సారా కాదని ప్రకటించారు.

ఇంటికొచ్చి సగం రాసిన కాగితాలు పెట్టె అడుగున పెట్టాను.

"పోన్లేరా," అన్నాడు బావ. "సారా పెద్దగారి పేరున పేటెంటొస్తే, మీ అక్క ఏ ముకం పెట్టుకుని కొళాయి కాడికెల్తాది?"

ఆ తరవాత చాలా ఏళ్లు కంపెనీల సూక్ష్మజీవులకు హక్కులు రాశాను. అవి నా భోజనంలోకి ఎన్నడూ రాలేదు.

పోయిన ఏడాది బావ పోయాడు. సమాధి చేసి వచ్చేసరికి చర్చి ఆడవాళ్లు వంటలు తెచ్చి పెట్టారు. ప్రతి ఇంటి గిన్నెతోనూ సిర్కాలో నానిన ఉల్లిపాయలు వచ్చాయి. అక్క ఏదీ ముట్టుకోలేదు. ఆ ఉల్లిపాయలు మాత్రం రెండు ముక్కలు తింది.

రిటైరైన ఆ నర్సమ్మ నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "పేళ్లు పచ్చివైతే పులుపు రాదు నాయినా, ఎండబెట్టాల. ఇది మాత్రం ఎవులికీ సెప్పకు," అంది.

చెప్పనని మాటిచ్చాను.