కొమురెల్లి సార్ చింపిన సముద్రం

కొమురెల్లి సార్‌కు ఉన్నది ఒకే ఒక్క దుర్గుణం: పిల్లలెవరైనా తప్పు పట్టుకుంటే, ఎంత కష్టపడి గీసిన పేజీనైనా అక్కడికక్కడే చింపేస్తారు. సముద్రగర్భంలో వెలసిన భవిష్యత్ నగరం గురించి బడిపిల్లల కోసం ఆయన ఏళ్ళుగా ఒక బొమ్మల నవల గీస్తున్నారు. మిగిలినదానికంటే చింపినదే ఎక్కువ.

ఆయన విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులు. అయినా ఆయన గీసే ఆక్టోపస్‌కు ఏడే చేతులుంటాయి. ఆయన తిమింగలం మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. ఆదివారం వచ్చిందంటే లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లలు క్యాంపస్ మెట్ల మీద చేరి ఆయనను ముద్దాయిగా నిలబెడతారు.

"సార్, ఆక్టోపస్‌కి ఇంకో చెయ్యేది?"

"అరె, నిజమే బిడ్డా! మస్తు పట్టినవ్."

పర్రున చప్పుడు. ఆ వెంటనే చప్పట్లు.

"తరగతిలో పాఠం కూడా ఇలాగే చెబుతారా సార్?" అని ఒకసారి అడిగాను.

"గాడ ఎవ్వరూ లేచి అడగరు వకీలమ్మా. అందుకే అన్నీ కరెక్టే చెప్త."

ఆక్షేపణ వినకుండా తీర్పు చెప్పరాదన్నది న్యాయశాస్త్రంలో నేను నేర్చిన మొదటి పాఠం. కానీ వినడానికీ ఒక గడువుంటుంది. ఈ నగరంలో పిల్లల పుస్తకం అచ్చువేయించడం కంటే భూమి దావా గెలవడం తేలిక. ఏడాదిపాటు తిరిగి నాగేష్ అనే ప్రచురణకర్తను ఒప్పించాను. ఒప్పందం నేనే రాశాను: ఫలానా ఆదివారం సాయంత్రానికి పుస్తకం అప్పగించాలి, ఒక్క పేజీ తగ్గినా ఒప్పందం రద్దు.

గడువు రోజున నాగేష్ మెట్ల దగ్గరికి వచ్చి పేజీల కట్ట కోసం చేయి చాపాడు. సరిగ్గా అప్పుడే చివరి మెట్టు మీది మహేశ్వరి లేచి నిలబడింది. ప్రశ్న అడిగితే బెంచీ ఎక్కించే బడిలో చదివే పిల్ల. ఇన్నాళ్ళుగా వస్తున్నా నోరు విప్పి ఎరుగదు.

"సార్... బుడగలు కిందికి పోతున్నయేంది?"

పర్రున చప్పుడు.

"ఏంది సార్ గిది! పిల్లలకేం తెలుస్తది? గట్లనే అచ్చేస్తే ఎవడడుగుతడు?" అన్నాడు నాగేష్.

"ఈమె అడిగింది కద."

నాగేష్ నేను రాసిన నిబంధనను నాకే చదివి వినిపించి, తార్నాక వైపు బండి తిప్పాడు.

"బుడగలు పైకి పోతాయని మీకు తెలియదా సార్?" అని మండిపడ్డాను.

"ఎందుకు తెల్వదు? నేనే పెట్టిన." ఆయన గొంతు తగ్గించారు. "తప్పులన్నీ నేను పెట్టినవే. ఎవరు నోరు తెరుస్తలేరో వాళ్ళ కోసం. ఈ బిడ్డ కోసం ఎన్ని పెట్టిననో! ఇయ్యాల పట్టుకున్నది."

ఏడాది శ్రమ అలా ముగిసింది. ఆయన మీద ప్రయోగించడానికి నాకు ఏ సెక్షనూ తోచలేదు.

ఇంతలో మహేశ్వరి ప్రశ్నల రుచి మరిగింది. కట్టలోంచి మొదటి పేజీ లాగి ముందుకు వచ్చింది.

"సార్, గీ కతల పిల్ల నగరం తలుపు తీసుకొని సముద్రంలకు పోయింది కద. నీళ్ళు లోపటికెందుకు రాలే?"

కథంతా ఆ తలుపు మీదే ఆధారపడి ఉంది. సార్ ఆ పేజీ అందుకొని రెండుసార్లు చూశారు. నా చెవి దగ్గరికి వంగారు.

"వకీలమ్మా, ఇది నేను పెట్టలే."

తరువాత ఆ కట్టనంతా పక్కకు నెట్టి, తన పక్కన మెట్టు మీద ఆమెకు చోటిచ్చారు.

"కూసో బిడ్డా. మరి బయటికెట్ల పోవాల్నో నువ్వే చెప్పు."