గీత మీద నమస్కారం లేదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఇలా నడుము వాల్చానో లేదో, కడపలో కాలేజీ చదువుతున్న మా మనుమరాలు ఫోనులో ఒక కాగితం పంపి, కింద పెద్దవాళ్ళ సంతకం కావాలట, పెట్టి పంపించమని తొందర చేసింది. వాళ్ళ నాన్న పెట్టనని మొరాయించాడట, అందుకని అవ్వ గుర్తుకొచ్చింది. ఏమిటా అని కళ్ళజోడు వెతుక్కుని చూస్తే, అది తుపాకి కాల్చడం నేర్పే చోట పాటించవలసిన నియమాల పట్టిక. ఒకటీ రెండూ కాదు, ఇరవై పైచిలుకు ఉన్నాయి. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిప్పరాదు, మీ వంతు వచ్చేదాకా తూటా వేయరాదు, చెవులకు దూది లేకుండా కాల్చేవాళ్ళు నిలబడే గీత దగ్గరికి రారాదు అంటూ చదువుకుంటూ పోతుంటే నాకు నిద్ర ఎగిరిపోయి నవ్వు మొదలైంది. అన్నీ మాకు తెలిసినవే. కానీ ఒకప్పటి మా తుపాకి క్లబ్బులో అన్నింటికంటే ముందు రాసిపెట్టుకున్న నియమం మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు. గీత మీద నమస్కారం చేయరాదు అన్నది ఆ నియమం.

నా వయసు వాళ్ళకు ఇది వింతగా తోచదు గానీ, ఈ కాలం వాళ్ళకు మొదటినుంచీ చెప్పాలి. నేను పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చేనాటికి జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున్నే ఎర్ర బస్సెక్కి వెళ్ళడం, సాయంత్రం గొంతు బొంగురుపోయి తిరిగి రావడం. మా అత్తగారికి ఒక అన్న ఉండేవాడు, పులివెందుల దగ్గర చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఆయనవి. ఇంట్లో అందరూ ఆయన్ను పెద్దమామ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆరడుగుల మనిషి, తెల్లటి పంచె, నిండైన మీసం. తోటలో పడే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్న రెండు గొట్టాల తుపాకి ఒకటి ఉండేది. మా జిల్లా పేరూ తుపాకీ పేరూ ఒకచోట చెబితే కోస్తా వాళ్ళు కళ్ళు పెద్దవి చేస్తారు గానీ, మా పెద్దమామ తుపాకికి బలైనవాటిలో నూటికి తొంభై మట్టి మూకుళ్ళే.

ఎవరో స్నేహితుడు బెంగళూరులో చూపించాడట, గాలిలోకి మట్టి బిళ్ళలు విసిరి వాటిని కాల్చే ఆట. అది చూసి వచ్చిన దగ్గరినుంచీ పెద్దమామకు కంటిమీద కునుకు లేదు. లైసెన్సులున్న రైతులను మరో ఆరుగురిని పోగుచేసి, జమ్మలమడుగు అవతల ఎర్ర గుట్ట పక్కన ఎందుకూ పనికిరాని బీడును చదును చేయించాడు. అర్ధచంద్రాకారంగా సున్నంతో ఒక గీత, దానిమీద వరసగా నిలబడే చోట్లు, గీత రెండు కొసల్లోనూ నాపరాళ్ళు పేర్చి కట్టిన రెండు గదులు, ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా. ఆ రెండింటిలోనుంచీ మూకుళ్ళు ఎదురెదురుగా ఎగిరి ఆకాశంలో దాటుకుంటాయి. వాటిని విసిరే జంట యంత్రాన్ని ప్రొద్దుటూరులో లేత్ మిషను నడిపే సాయబు మామ పాత లారీ కమానుపట్టీతో తయారుచేశాడు. చేసినవాడే దాన్ని నడపాలని ఎత్తు గదిలో కూర్చుని, పొట్టి గదిలోదాన్ని కూడా తాడుతో లాగేవాడు. బెంగళూరులో బిళ్ళ వదలమనడానికి ఇంగ్లీషులో ఏదో అరుస్తారట, మా వాళ్ళు మాత్రం తుపాకి భుజానికెత్తి "ఇడువప్పా!" అని కేకపెట్టేవారు, సాయబు మామ ఇడిచేవాడు.

ఇక నా సంగతి. కాలేజీ రోజుల్లో ఖాకీ బట్టలు తొడుక్కుని కవాతు చేస్తూ నేను చిన్న రైఫిలు పట్టుకున్నదాన్ని, గీత మీద క్రమశిక్షణ ఎలా ఉండాలో నేర్చుకున్నదాన్ని. ఆ మాట మావారు ఒకసారి పెద్దమామ ముందు నోరుజారారు. అంతే, మరుసటి ఆదివారం జీపు మా ఇంటి ముందు ఆగింది. ఏడుగురు మీసాల రాయుళ్ళు తుపాకులు పట్టుకుని ఒకరి మాట ఒకరు వినకుండా తిరుగుతుంటే ఎప్పుడో ఒకరోజు ప్రమాదం తప్పదని పెద్దమామకు లోలోపల భయం. వాళ్ళందరినీ అదుపులో పెట్టే ఈల నా మెడలో పడింది. కోడలుపిల్ల కట్టుబాట్లకు తల ఒగ్గాలా అని కొందరు గొణిగారు గానీ, వందమంది ఆడపిల్లలను ఎండలో వరసలో నిలబెట్టేదానికి ఏడుగురు మగవాళ్ళు ఒక లెక్కా?

ఒక పొడుగు ఈల వేస్తే ఎంతటివాడైనా ఉన్నచోట ఆగి, తుపాకిని మధ్యలో మడత దగ్గర విరిచి తెరిచి, లోపల తూటా ఉందో లేదో నేను చూసేదాకా కదలకూడదు. గురి తప్పినవాడిని చూసి నవ్వరాదు. అడగనిదే సలహా ఇవ్వరాదు. ఈ చివరిది మా వాళ్ళకు ప్రాణసంకటంగా ఉండేది, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకునైనా నిభాయించుకునేవారు. మూకుడు నుంచి గోరంత పెంకు రాలినా తగిలినట్టే లెక్క, దానిమీద వాదన లేదు. పావురమో నెమలో అడ్డం వస్తే తుపాకి దించేయాలి, అది దాటిపోయాక అదే మనిషికి మళ్ళీ వంతు. తప్పు చేసినవాడికి ఆ పూట ఆట లేదు. పైగా గంప నెత్తిన పెట్టుకుని బీడంతా తిరిగి, పగలని మూకుళ్ళు ఏరుకురావాలి.

నమస్కారం నియమం మటుకు నేను పెట్టింది. మనవాళ్ళకు ఎవరైనా పెద్దమనిషి కనబడితే రెండు చేతులూ వాటంతట అవే జోడవుతాయి కదా. చేతిలో తుపాకి ఉంటే ఏం చేస్తారు? దాన్ని చంకలో ఇరికించుకుని దణ్ణం పెడతారు. అప్పుడు గొట్టం సరిగ్గా ఎవరికి మర్యాద చేస్తున్నామో వాళ్ళ పొట్ట వైపే తిరుగుతుంది! మొదటి రెండు వారాల్లోనే ఇది నాలుగుసార్లు గమనించి నాకు చెమటలు పోశాయి. పెద్దమామకు చెబితే ఒక క్షణం ఆలోచించి, ఫక్కున నవ్వి, నాపరాయి మీద తారుతో పెద్ద పెద్ద అక్షరాలతో తానే రాసి గీత మొదట్లో పాతించాడు. అంతేకాదు, అన్ని నియమాలకంటే పైన రాశాడు.

అలా ఏడాది గడిచేసరికి క్లబ్బు పేరు నలుగురికీ తెలిసింది, దాంతోపాటు అనుమానాలూ బయలుదేరాయి. ఇంతమంది తుపాకులతో ఒకచోట చేరడమేమిటని పై నుంచి ఆరా వచ్చింది. ఒక పోలీసు అధికారి వచ్చి చూసి, క్షేమమని రాస్తేనే అనుమతి, లేకపోతే మూసేయాలి. పెద్దమామ ఆ వారమంతా నిద్రపోలేదు. గీతకు కొత్త సున్నం కొట్టించాడు, నాపరాళ్ళు కడిగించాడు, వచ్చే ఆయన కోసం తోటనుంచి చీనీకాయలు కోయించి తెప్పించాడు.

ఆ ఆదివారం వస్తామన్న వేళకంటే అరగంట ముందే జీపు వచ్చేసింది. అప్పుడు గీత మీద ఉన్నది పెద్దమామే. రెండు తూటాలూ వేసి, తుపాకి మూసి, కేక వేయడానికి నోరు తెరవబోతూ జీపు చప్పుడు విన్నాడు. అధికారి దిగి పదడుగుల దూరంలోకి వచ్చేశాడు. వారం రోజులుగా ఆయన రాకకోసమే ఎదురుచూస్తున్న మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మర్యాద తప్పని మనిషి, గబుక్కున వెనుదిరిగి, తుపాకి చంకలో పెట్టి, రెండు చేతులూ ఎత్తి నిండుగా నమస్కారం పెట్టాడు.

ఈల వేస్తే క్లబ్బు పెద్దనే అధికారి ముందు తప్పుపట్టినట్టు, అనుమతి మీద ఆశ వదులుకోవలసిందే. పైగా ఆయన మా అత్తగారి అన్న, ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికే నేను జంకే మనిషి. ఇవన్నీ తరువాత ఆలోచించుకున్నవి. ఆ క్షణంలో నాకు కనబడింది ఆ రెండు గొట్టాలూ, వాటికెదురుగా ఖాకీ చొక్కా, అంతే. ఈల నా నోట్లో ఎప్పుడు మోగిందో నాకే తెలియదు.

అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. పెద్దమామ చేతులు గాలిలోనే ఆగాయి. నేను దగ్గరికి వెళ్ళేసరికి గొట్టం నేలకు దించి, తుపాకి విరిచాడు. లోపల రెండు తూటాల ఇత్తడి అడుగులు తళతళ మెరుస్తున్నాయి. ఆయనా నేనూ తప్ప ఎవరికీ కనబడే చోటు కాదది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందమ్మా కోడలా, నాకేనా?" అన్నాడు మెల్లగా.

"మీకే మామా. గీత మీద నమస్కారం లేదు" అన్నాను.

ఆయన తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు, తుపాకి తీసుకుపోయి తుపాకులు నిలబెట్టే కొయ్యలకు ఆనించాడు, తుండు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని గంప ఎత్తుకున్నాడు. ఎర్రటి ఎండలో ఆ తెల్లపంచె మనిషి వంగి వంగి మూకుళ్ళు ఏరుతుంటే, సాయబు మామ గదిలోంచి బయటికి వచ్చి తలకు చేతులు పెట్టుకున్నాడు. ఆ అధికారి కాసేపు చూశాడు, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, చీనీకాయ ముట్టకుండా జీపెక్కి వెళ్ళిపోయాడు.

కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. మా అత్తగారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు.

"మా అన్న నెత్తిన గంప పెట్టిస్తివంట గదమ్మా! అదీ పోలీసాయన ముందర! నలుగుర్లో తల యాడ పెట్టుకోవాల మేము?" అని ఒకటే ఏడుపు.

తుపాకిలో తూటాలున్నాయి అత్తా అని ఒక్క ముక్క చెబితే నా తల మీది బరువు దిగిపోయేది. చెప్పలేకపోయాను. వట్టి తుపాకితో దణ్ణం పెట్టడం పొరపాటు, నిండు తుపాకితో పెట్టడం వేరు. ఆ మాట నా నోటినుంచి బయటికి వస్తే ఆయన పెద్దరికం ఇక మిగలదు. రెండు వారాలు ఆ ఇంట్లో నేను వడ్డించినది ఎవరూ బాగుందనలేదు. మెడలో ఈల తీసి పెట్టెలో పడేశాను, రాత్రింబగళ్ళు ఇదే దిగులు, నాకు అవసరమా ఈ పెత్తనం అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో వారం పొద్దున్నే పెద్దమామ వచ్చాడు. నేను లోపలే ఉండిపోయాను. ఆయన చెప్పులు విప్పి నేరుగా వంటింటి గడప దగ్గరికే వచ్చి, చెల్లెలి ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"తూటాలు ఉండాయి పాపా తుపాకిలో. రెండూ ఉండాయి. ఆ పిల్ల సూసింది, సూసి గూడా ఎవురికీ చెప్పల్యా. నేనైనా చెప్పాల గదా. సిగ్గుతో ఇన్ని దినాలు పట్టింది నాకు" అన్నాడు.

మా అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నావైపు తిరిగారు. ఆ పూట నాకు ఆవిడే అన్నం వడ్డించారు, నెయ్యి రెండుసార్లు వేశారు. నేను మాత్రం కంచం ముందు కూర్చుని చంటిపిల్లలా ఏడ్చాను.

అనుమతి కాగితం ఆ తరువాత నెలరోజులకు వచ్చింది. దానికి ఒక షరతు ఉంది. ఈల వేసే మనిషి గీత దగ్గర లేనిదే ఒక్క తూటా కూడా కాల్చరాదట! పెద్దమామ ఆ కాగితాన్ని పెళ్ళి శుభలేఖలా అందరికీ చదివి వినిపించాడు. అప్పటినుంచీ నాకు బడి ఉన్నా, జ్వరమొచ్చినా, ఏడుగురూ జీపు వేసుకుని వచ్చి వాకిట్లో బుద్ధిగా కూర్చునేవారు. నేను తల దువ్వుకుని వచ్చేదాకా కిమ్మనేవారు కాదు.

పన్నెండేళ్ళు నడిచింది ఆ క్లబ్బు. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకులు స్టేషనులో అప్పగించడం, మళ్ళీ తెచ్చుకోవడం, ఆ తిరుగుడుకు విసిగి ఒకరిద్దరు మానుకున్నారు. ఇంకొందరికి మోకాళ్ళు సహకరించలేదు. సాయబు మామ కువైట్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాడు, ఆయన యంత్రం మరొకరి చేతిలో మొరాయించింది. ఎవరూ మూసేద్దామనలేదు, అదే ఆగిపోయింది.

చూపు బాగా తగ్గాక పెద్దమామ లైసెన్సు వదిలేస్తానన్నాడు. తుపాకి అప్పగించే రోజున కొడుకులు పక్కనే ఉన్నా, నన్ను ప్రొద్దుటూరు నుంచి ప్రత్యేకంగా పిలిపించాడు. పులివెందుల స్టేషనులో బల్ల ముందు నిలబడి, గొట్టం నేలకు పెట్టి, తుపాకిని విరిచాడు. రాసుకోవడానికి కూర్చున్న ఆయనకు కాదు, తిప్పి ముందు నాకు చూపించాడు.

"సూడు కోడలా, ఖాళీనే గదా?"

రెండు గొట్టాల్లోంచీ నేల మీది ఎండ గుండ్రంగా కనబడింది. "ఖాళీనే మామా" అన్నాను.

అప్పుడు దాన్ని బల్లమీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ జోడించి ఆ కుర్రవయసు అధికారికి నిండుగా నమస్కారం పెట్టాడు. ఆ అబ్బాయి ఏమీ అర్థంకాక లేచి నిలబడ్డాడు.

పెద్దమామ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎర్ర గుట్ట పక్క బీడంతా సోలారు పలకలు పరిచారు, నాపరాళ్ళ గదులు ఎక్కడుండేవో నేనే పోల్చుకోలేను. దానికి నాకు పెద్దగా బాధ లేదు, కాలం అన్నాక మారుతుంది. కానీ పెద్దరికం అంటే ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకపోవడమే అనుకునే మనుషుల మధ్య తిరుగుతున్నప్పుడు మాత్రం, ఇంటి కోడలి నోట ఖాళీనే అనిపించుకుని గాని దణ్ణం పెట్టని ఆ ఆరడుగుల మనిషిని ఒక్కసారి చూడాలనిపిస్తుంది.