దొరసానికి చూపించిన దారి

నా చిన్నప్పుడు, పొందూరులో, ఒక మనిషికి తప్పుదారి చూపించాను. పొరపాటున కాదు, తెలియక కాదు, కావాలనే.

మా మామ్మ ఖద్దరు నూలు వడికేది. మా ఊళ్ళో సన్న నూలు తీసే ఆడవాళ్ళందరిలాగే, వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వేది. ఎండిన ఆ దవడకుండే సన్నటి పళ్ళ మధ్య పత్తి పోగులన్నీ ఒక్క తీరున సర్దుకుంటాయి. దానికి వాసనేమీ ఉండదు. అయినా బళ్ళో పైఊరి పిల్లలు నన్ను చూసి ముక్కు మూసుకునేవారు, చేపముల్లు మామ్మ మనవరాలు అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. పాత చీర కట్టుకుని మామ్మ వీధరుగు మీద ఆ దవడతో కూర్చుంటే, నేను పెరటి దారిన ఇంట్లోకి దూరేదాన్ని.

ఒక సెలవు రోజు మా వీధి మొగలో నిలబడి ఉండగా ఒక దొరసాని సైకిలు మీద వచ్చింది. స్టేషన్ దగ్గర తీసుకున్న అద్దె సైకిలు, ఆవిడ పొడుగు కాళ్ళకి మరీ పొట్టి. మొహం ఎండకి కందిపోయింది. దిగి, సంచిలోంచి పుస్తకం తీసి ఒక బొమ్మ చూపించింది. వాలుగ దవడ బొమ్మ! ఎక్కడ అన్నట్టు చెయ్యి తిప్పింది. పది ఇళ్ళ అవతల మామ్మ అరుగు మీదే ఉంది. ఈవిడ వెళ్ళి ఆమె ముందు నిలబడితే ఊరంతా మూగుతుంది, రేపు బళ్ళో నా పని అయిపోయినట్టే అనిపించింది. పొలాలకేసి పోయే గట్టు దారి చూపించాను. ఆవిడ రెండు చేతులూ జోడించి దండం పెట్టి, బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

పొద్దు వాలేక, పక్కూరి మాస్టారొకాయన ఆవిణ్ణి మా అరుగు దగ్గరికి తీసుకొచ్చారు. చైను తెగిన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. చేతుల నిండా జిడ్డు, చీలమండల దాకా బురద. నన్ను చూడగానే ఎరిగున్న మనిషిలా నవ్వింది. మాస్టారికి ఇంగ్లీషు వచ్చు.

"మీ వీధి మొగలో ఈ పాప సరిగ్గానే సెప్పిందట. తనే ఎక్కడో మలుపు తప్పీసినానంతన్నాది. నీ పని సూడ్డానికే వచ్చిందమ్మా. ఇంకాసేపట్లో రైలున్నాది, రేపు వాళ్ళ దేశం ఎల్లిపోతాది" అన్నారు మామ్మతో.

మామ్మ నా వైపు చూసింది. మా వీధి మొగ నుంచి మా అరుగుకి పది ఇళ్ళే, తప్పడానికి మలుపెక్కడుంది? నేను తేలు కుట్టిన దొంగలా స్తంభం చాటుకి జరిగాను. చెంప పగులుతుందనుకున్నాను.

"సిన్న పిల్ల కదా బావూ, తెలీక సెప్పీసుంటాది" అంది మామ్మ.

ఆవిడకి చోడి అంబలి ఇచ్చి, గబగబా పత్తి దువ్వడం మొదలుపెట్టింది. దువ్విన పత్తిని వడకడానికి ఏకుగా చుట్టేలోపే మాస్టారు రైలు వేళయిందన్నారు. అప్పుడు మామ్మ తన చేతిలోని దవడని ఆవిడ చేతిలో పెట్టేసింది. ఏళ్ళ తరబడి వాడి వాడి మామ్మ బొటనవేలికి కుదురుకున్న దవడ అది. ఆవిడ వద్దని తల ఊపితే, దాని చుట్టూ ఆవిడ వేళ్ళు ముడిచి మరీ ఇచ్చింది. దొరసాని కళ్ళు తుడుచుకుని, వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి మళ్ళీ దండం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కొత్త దవడ మామ్మ చేతికి లొంగలేదు. పత్తి చిక్కు పడేది, రాట్నం మీద పోగు తెగేది. తెగిన పోగు అతికి, ఒక్క క్షణం నా మొహంలోకి చూసేది. కోపంగా కాదు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి నేను తల దించుకునేదాన్ని. ఆ తర్వాత మామ్మ చాలా ఏళ్ళు బతికింది. ఒక్కనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. వాళ్ళు అబద్ధమాడితే నేనూ నిలదీయను, చూస్తూ ఊరుకుంటాను. పూట తిరక్కుండానే వచ్చి, ఒళ్ళో తల పెట్టుకుని, నిజం చెప్పేస్తారు. మామ్మ నా కోసం అలాగే, అన్నేళ్ళూ ఎదురు చూసింది.