సువార్తమ్మ క్షమాగుణం

మామిడికుదురు చర్చిపేటలో సువార్తమ్మ క్షమాగుణం ఎరగనివాళ్ళు లేరు. ఎరగనివ్వకుండా ఆవిడ ఊరుకోదు. చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పంచే ప్రతినెలా మొదటి ఆదివారం గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని, కొబ్బరాకుల దడి దగ్గర నిలబడుతుంది. మనసులో పగ ఉంచుకుని రొట్టె ముట్టకూడదు కదా! అవతల అంట్లు తోముకుంటున్న తోడికోడలు రూతమ్మని నాలుగిళ్ళకీ వినపడేలా పిలుస్తుంది. "ఏమే రూతూ! నా ఆవకాయ జాడీ అడిగి పట్టికెళ్ళి, బీట పెట్టి తిరిగిచ్చేవు చూడూ, ఆ తప్పు క్షమించేసేనే!" పన్నెండేళ్ళుగా రూతమ్మ "ఆయ్, అక్కా" అని తలూపుతూనే ఉంది.

మొన్న ఆదివారం మాత్రం సబ్బునురగ చేతులతో లేచి నిలబడింది.

"నేనూ నిన్ను క్షమించేసేనక్కా."

"నన్నా? నేనేం చేసేనే?"

"నెలనెలా పేటంతటికీ వినిపిస్తన్నావుగా, అందుకు."

సువార్తమ్మకి ఒళ్ళు మండింది. చర్చికెళ్ళాక పాటలో మండింది, ప్రార్థనలో మండింది. రొట్టె పళ్ళెం వరసలో దగ్గరకొస్తుంటే మాత్రం చెయ్యి లేవలేదు. తీసుకోకపోతే పేటంతా చూస్తుంది. తీసుకుంటే పైవాడు చూస్తాడు. చాపమీద జరిగి జరిగి రూతమ్మ పక్కకి చేరి, పుట్టాక మొదటిసారి గొంతు తగ్గించి చెవిలో చెప్పింది.

"ఆ జాడీ నీకిచ్చేటప్పటికే బీటేసుందే."

"తెలుసక్కా," అంది రూతమ్మ, పళ్ళెం ఇటు జరుపుతూ. "ముందు రొట్టె తీసుకో. ఈ మాట వచ్చేనెల దడి దగ్గర చెబుదువుగాని."