కంపౌండర్ చెప్పిన మాట, అమ్మ విన్న మాట

ఆ రోజు ఈతకొలనులో మూడో లెంగ్త్ చివర గోడ నా చేతికి తగలలేదు. గోడ ఉన్నచోటే ఉంది, నేనే పక్కకు పోయాను. ఎడమ చెవి వారం నుంచి కారుతోంది. ఈత కొట్టేవాడికి చెవి కారడం కూడా ఒక రోగమా అని పట్టించుకోలేదు.

"ఏందిరా, తాగొచ్చినవా?" అన్నాడు కోచ్.

"పొద్దుగాల ఎవడు తాగుతడు సార్?"

"మరి గోడ ఇడిసిపెట్టి తాడు పట్టుకున్నవేంది?"

పోలీస్ యాక్షన్ అయిన నాలుగో ఏడు అది. నేను హైదరాబాద్ స్టేట్ తరఫున ఫ్రీస్టైల్ ఈదేవాణ్ణి. ఇండియా జట్టుతో ఒకసారి కొలంబో వెళ్లి వంద మీటర్లలో మూడోవాడిగా వచ్చాను. ఇంకో విదేశీ పోటీకి నెలన్నరలో బొంబాయిలో సెలెక్షన్. అప్పటికి నాకు సంతకం కూడా రాదు. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రికి అమ్మ తోడు వచ్చింది. డాక్టర్ చెవిలో లైటు వేసి చూశాడు. "పర్‌ఫొరేషన్ ఉంది. చెవి పర్దా చినిగింది. నెల రోజులు స్విమ్మింగ్ బంద్. చెవి మానితే బొంబాయి పోతవ్" అన్నాడు.

జ్వరంతో నేను వరండా బల్ల మీద పడుకున్నాను. జాగ్రత్తలు అడగడానికి అమ్మే కంపౌండర్ దగ్గరికి పోయింది. ఆమె ఊరి నుంచి లాలాగూడలోని మా రైల్వే క్వార్టర్‌కు వచ్చి ఏడాదే అయింది. ఉర్దూ రాదు. కాన్ అంటే చెవి అని మాత్రం తెలుసు.

"కాన్ సుక్కా రఖో" అన్నాడట కంపౌండర్.

"ఏమన్నడే అమ్మా?" అని అడిగాను.

"చెవుల సుక్క ఏయమన్నడు."

"ఏం సుక్క?"

"మందు శీశ ఏమియ్యలే. మన ఎల్లిపాయ నూనెనే అయుంటది."

మా తెలుగులో సుక్క అంటే చుక్క. ఇక్కడి ఉర్దూలో సుక్కా అంటే పొడి. చెవి తడవకుండా చూడమని ఆయన చెప్పాడు. అమ్మ రోజుకు మూడుసార్లు వెల్లుల్లి నూనె కాచి పోసింది. నేను తల వంచి పోయించుకున్నాను. నాకు ఉర్దూ వచ్చు. ఆయన సరిగ్గా ఏ మాట అన్నాడో అడగలేదు.

పదో రోజున చెవి వెనక నిమ్మకాయంత వాపు వచ్చింది. మరో రెండు రోజులకు చాయ్ తాగుతుంటే పెదవి ఎడమ కొస నుంచి కారిపోయింది. సగం ముఖం కదల్లేదు. నొప్పి తగ్గింది కాబట్టి అప్పటిదాకా నయమవుతోందనే అనుకున్నాను.

మళ్లీ అదే ఆసుపత్రికి పోతే, డాక్టర్ చెవిలో నూనె చూసి ఎక్స్‌రే తీయించాడు. "మాస్టాయిడ్ ఇన్ఫెక్షన్. చెవెనక బొక్కల చీము పట్టి ముఖం నరం దాకా పోయింది. ఇయ్యాల్నే ఆపరేషన్. నూనె ఎవరు పోసిండ్రు?"

"నేనే సార్. మీవోళ్లే చెప్పిరి" అంది అమ్మ.

కంపౌండర్‌ను పిలిచారు. "మై సుక్కా బోలా సాబ్!"

"గదే కద సార్, నేను సుత సుక్కనే అంటున్న!"

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ మాటకు అర్థం అమ్మకు నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

చెవి వెనక ఎముక తొలిచారు. పెన్సిలిన్ సూదులు ఎన్ని పొడిచారో గుర్తులేదు. కోచ్ వార్డుకు వచ్చి, "జట్టు బొంబాయి పోయిందిరా" అన్నాడు. "మంచిది సార్" అన్నాను. నాకేమీ అనిపించలేదు.

ఆరు నెలల తర్వాత, డాక్టర్‌కు చెప్పకుండా, చెవిలో వాసెలిన్ దూది పెట్టుకొని నీళ్లలో దిగాను. చెవి చెడిపోయి, నీళ్ల లోపల పైన ఏదో కింద ఏదో తెలియలేదు. పైకి వస్తున్నాననుకొని అడుగుకు ఈదాను. కోచ్ జుట్టు పట్టి లాగాడు. "ఇగ చాలు కొడకా" అన్నాడు. సరేనన్నాను.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. ఎడమ చెవి వినదు. నోరు కొంచెం వంకర. నాతో మాట్లాడేవాళ్లు కుడివైపు కూర్చుంటారు. అమ్మ బతికినన్నాళ్లూ ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. నీ తప్పు కాదని నేనూ ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సింది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఆసుపత్రిలో విన్న మాటను అక్కడే, మీ భాషలో, చెప్పినవారికే తిరిగి చెప్పండి. వాళ్లు అవునన్నాకే ఇంటికి రండి.