బాన్సువాడ నుంచి సాగర్ దాకా, ఇద్దరమే

బాన్సువాడ నుంచి నిజాంసాగర్ చూడబోయే వాళ్ళు గురువారం మధ్యాహ్నం ఒంటిగంట బస్సు అందుకోవడం మేలు. మాకు నిజాం సర్కారు సెలవు శుక్రవారం. గురువారం సగం పూట చుట్టీ పెట్టుకుంటే ఒక రాత్రి అక్కడ ఉండి, మర్నాడు పొద్దుగూకే లోపల ఇల్లు చేరుకోవచ్చు. నేను అట్లాగే వెళ్ళాను. అయితే నా ప్రయాణం కట్టను చూడటానికి కాదు, నా భార్య సుగుణను వెంట తీసుకుపోయి ఒక మాట అడగటానికి.

ఇవి యుద్ధం రోజులు. నేను తహసీలు కచేరీలో గుమాస్తాను. సుగుణ మా మేనత్త బిడ్డ. బీర్కూరులో వాళ్ళది వరీ చెరకూ పండించే కుటుంబం. పెళ్ళయిన మొదటి మూడేళ్ళు మా ఇంట్లో ఎక్కువ వినబడిన గొంతు ఆమెదే. పోయిన ఏడాది పుట్టింటికి వెళ్ళినప్పుడు పెద్ద జ్వరం వచ్చి నెలన్నర మంచం పట్టింది. తిరిగి వచ్చాక మనిషి మారిపోయింది. పిలిస్తే పలకదు. ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతుంది. నలుగురూ కూర్చుని నవ్వుకుంటుంటే మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోతుంది. రాత్రి దీపం తగ్గించాక నేను ఏం మాట్లాడినా అటు తిరిగి పడుకునేది.

మా అమ్మ చెడ్డ మనిషి కాదు, కాని ఆమెకూ ఓపిక అయిపోయింది. ఒకరోజు పెరట్లో నాతో అంది. "ఎంత పిలిచినా పలుకది. మనమంటే మనసు లేదు దానికి. దసరా ఎల్లినంక బీర్కూరుకు తోలి రా. మీ మేనత్తకు నేను చెప్పుకుంట."

తోలి రావడమంటే మళ్ళీ తీసుకురాకపోవడమే. మా నాయనమ్మ మాత్రం మంచం మీద నుంచే అంది. "ఇంట్ల పదిమంది నడుమ వాళ్ళేం మాట్లాడుకుంటరే? రెండు దినాలు యాడికన్న పోయి రానియ్యి. అటెనుక చూద్దువు."

మొగుడూ పెళ్ళామూ ఏ పెళ్ళికో చావుకో కాక ఊరికే తిరిగి రావడం మా వీధిలో ఎవరూ ఎరగరు. అమ్మ మూతి ముడుచుకుంది గాని అడ్డు చెప్పలేదు. కాలువల కచేరీలో నాకు తెలిసినతను ఒకడు సాగర్ బంగళా వెనక గదిలో దిగడానికి చిట్టీ రాసిచ్చాడు. బుధవారం పొద్దున షేర్వాణీ గుండీలు పెట్టుకుంటూ, గోడ అద్దంలో చూసుకుంటూ, "రేపు మధ్యాహ్నం సాగర్ పోదాం" అని సుగుణతో చెప్పాను. వెనక్కి తిరిగి, "బట్టలు సర్దుకో" అన్నాను. తల ఊపింది. మర్నాడు చూస్తే ఒక్క రాత్రికి ఆమె కట్టిన మూట నేను రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది.

పెట్రోలు దొరకని కాలం గనక బస్సుకు వెనక బొగ్గు పొయ్యి బిగించారు. అది రాజుకుని బండి కదిలేసరికి ఒకటిన్నర దాటింది. మనిషికి ఆరణాలు. సుగుణ తల వంచుకుని కూర్చుంది. ఊరు దాటే దగ్గర బీర్కూరు బాట చీలుతుంది. అక్కడికి రాగానే నిటారుగా లేచి ఆ బాటకేసే చూసింది. బస్సు రెండో వైపు తిరిగింది. ఆ బాట కనబడకుండా పోయేదాకా చూసి, నా వైపు తిరిగి నవ్వింది. ఏడాదిగా చూడని నవ్వు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మా ఎదురు బల్ల మీద మద్నూరు వైపు నుంచి వస్తున్న ఒక ముసలామె ఉంది. మరాఠీ కలిసిన తెలుగు. సుగుణ మోకాలు తట్టి అడిగింది.

"ఏ ఊరు బాయి నీది?"

"పుట్టిల్లు బీర్కూరు. అత్తిల్లు బాన్సువాడనే."

"నీ మొగుడు మంచోడా?"

"ఇయ్యాల్టికైతే మంచోడే" అంది సుగుణ. బల్ల మీది వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని లోపల కొంచెం గుచ్చుకుంది. దారిన పోయే మనిషితో ఇంత కలుపుగోలుగా మాట్లాడగలిగినప్పుడు నాతో మాట్లాడటానికి ఏమొచ్చింది?

మూడు గంటల వేళ ఒక ఎత్తు గడ్డ ఎక్కలేక బస్సు ఆగిపోయింది. అందరినీ దిగి నడవమన్నారు. సుగుణ నాకంటే పది అడుగులు ముందు నడుస్తోంది. వెనక నుంచి చెరకు బండి వస్తోంది. "సుగుణా, పక్కకు జరుగు" అన్నాను. జరగలేదు. ఇంకోసారి గట్టిగా అరిచాను. బండివాడు ఎడ్లను పక్కకు లాగి ఆమెను దాటుతూ, "గింత మొండిగుంటే ఎట్లమ్మా" అన్నాడు. ఆమె ఉలిక్కిపడి అతని మొహంలోకి, తర్వాత నా మొహంలోకి చూసింది. నేను కోపంతో మొహం తిప్పుకున్నాను. ఆమె నవ్వు కూడా అక్కడితో ఆగిపోయింది.

నాలుగింటికి బస్సు మమ్మల్ని సడక్ మీద దింపింది. అక్కడ నుంచి సాగర్ నాలుగు మైళ్ళు. వెళ్ళబోయే వాళ్ళు సామాను ఉంటే బండి మాట్లాడుకోవాలి, ఎప్పుడూ రెండు మూడు నిలబడి ఉంటాయి. కాలువ గట్టు వెంట దారి. నిండుగా పారే నీళ్ళు, అటు వైపు పొట్టకొచ్చిన వరి. బంగళా చేరేసరికి అయిదున్నర. కావలి రహీం మియా చిట్టీ చదివించుకుని వెనక గది తెరిచాడు. ఆయన భార్య జొన్నరొట్టెలు, సాగర్ చేపల పులుసు పంపింది. ఆ పులుసు గురించి ఇంకా రాయాలని ఉంది గాని, ఆ పూట నాకు రుచి తెలియలేదు.

దీపాలు పెట్టే వేళ ఇద్దరం వరండా మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా నీళ్ళు నల్లబడుతున్నాయి. ఆమె మొహం చూస్తే అడగలేనని నీళ్ళకేసి చూస్తూ అడిగాను.

"నీకు మా ఇంట్ల మనసు లేకుంటే చెప్పు. నిన్ను బలిమిన ఉంచుకోను."

చాలాసేపు ఆగాను. తిరిగి చూస్తే కొంగు కొసకు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. జవాబు దొరికిందనుకున్నాను. లేచి గదిలోకి వెళ్ళి పడుకున్నాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి రహీం మియా చాయ్ తెచ్చి, పైన వానలు పడి గేట్లు ఎత్తారని, పోయి చూడమని చెప్పాడు. వచ్చినందుకు చూద్దామని బయలుదేరాం. అర మైలు దూరం నుంచే చప్పుడు మొదలైంది. కట్ట మీదికి ఎక్కేసరికి ఆ హోరు తప్ప ఇంకేమీ లేదు. కింద నీళ్ళు తెల్లగా విరుచుకుపడుతున్నాయి. తుంపర వచ్చి మొహం మీద కొడుతోంది. చూడటానికి వచ్చిన జనం నోళ్ళు కదులుతున్నాయే గాని ఒక్క మాటా వినబడదు. నేను ఇంకా బాగా చూద్దామని రాతి అంచు దాకా వెళ్ళాను.

కొంచెం దూరంలో గేట్ల దగ్గర పనివాడొకడు మా వైపు తిరిగి ఏదో అన్నాడు. చేయి ఊపలేదు, అరిచినట్టూ లేదు. ఆ క్షణంలోనే సుగుణ నా షేర్వాణీ పట్టుకుని వెనక్కి లాగింది. నా చెవికి నోరు ఆనించి అరిచింది.

"గా అంచుకు పోవద్దంటుండు. నాచు పట్టిందంట. మొన్న ఒక మనిషి జారిండంట."

వెళ్ళి ఆ పనివాడి చెవిలో అడిగాను. "అవు సార్, గదే చెప్పిన" అన్నాడు, నా చెవిలో అరుస్తూ. తిరిగి వచ్చాను. ఆమె ఎదుట నిలబడి, గొంతు ఎత్తకుండా, నాకే వినబడనంత మెల్లగా అన్నాను.

"నీకెట్ల వినబడ్డది?"

ఆమె నా నోటి వంకే చూస్తోంది. మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చింది.

"వినవడలే. పెదవులు చూసిన."

అన్నాక గానీ తానేం చెప్పేసిందో ఆమెకు తోచలేదు. మొహం తెల్లబోయింది. చేతులతో కళ్ళు మూసుకుంది. ఏడాది మొత్తం ఒక్కసారిగా నాకు అర్థమైంది. చెరకు బండి, దీపం తగ్గించిన రాత్రులు, నిన్న సాయంత్రం నీళ్ళకు చెప్పిన మాట.

చేయి పట్టుకుని కట్ట దింపి, హోరు తగ్గేదాకా నడిపించాను. నీటి ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాం. ఈసారి ఎదురెదురుగా.

"ఎప్పటి సంది?"

"జ్వరం తగ్గినంక. ఎడమ చెవు మొత్తమే పోయింది. కుడి చెవుల దూరంకెళ్ళి వచ్చినట్టు కొద్దిగ వినవడ్తది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"పిల్లలు లేరని ముందుగాలనే అనవట్టిరి. ఇగ చెవిటిది అని గూడ అంటరని. మూతులు చూసి ఎల్లదీద్దమనుకున్న. పొయ్యికాడ, చీకట్ల, మీరంత అటు తిరిగి మాట్లాడితే నాకేం తెలుస్తది బావా?"

కొంచెం ఆగి అంది. "అత్తమ్మ పెరట్ల నీతోని బీర్కూరు అన్నది చూసిన. నువ్వు బట్టలు సర్దుకో అన్నవ్. తోలి వస్తవనుకున్న. ఉన్న చీరలన్నీ మూట గట్టిన."

బస్సులో ఆ నవ్వు అందుకు. పెదవులు కనబడేటట్టు ఆమెకేసి తిరిగి అన్నాను.

"నిన్న సాయంత్రం నిన్నొకటి అడిగిన."

"ఏమడిగినవ్?"

నిన్నటి మాట ఆమె కళ్ళలోకి చూస్తూ అనడం నా చేత కాలేదు. అనాల్సిన అవసరమూ లేదు. "నాతోనే ఉంటవా అని" అన్నాను.

నా పెదవులు ఆగిపోయాక కూడా వాటినే చూసింది. "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను. "సమజయింది గని, ఇంకోసారి చెప్పు" అంది. మూడోసారి చెబుతుంటే ఏడుస్తూ నవ్వింది. "ఉంట. యాడికి పోత?"

చాలాసేపు అక్కడే కూర్చున్నాం. ఎండ ఎక్కింది. అప్పుడామె ఏడాదిగా దాచుకున్న ఇంకో మాట చెప్పింది. "ఇంట్ల అందరికంటె నీ మాటే తెల్వది నాకు. మీసం అడ్డమొస్తది."

పనివాళ్ళ గుడిసెల దగ్గర ఒక మంగలి కత్తులు పెట్టుకుని కూర్చున్నాడు. పది గంటలకు అతని ముందు చతికిలబడ్డాను. పై పెదవి మొత్తం కనబడేటట్టు తియ్యమన్నాను.

"గింత మంచి మీసం దించుతరా సార్, పెండ్లాం ముంగట?"

"పెండ్లామే దించుమన్నది" అన్నాను. ఆమె ఎదురుగా నిలబడి, అటు కొంచెం, ఇటు కొంచెం అని చూపిస్తూ పని పూర్తి చేయించింది.

బంగళాకు తిరిగి వచ్చి పన్నెండింటికి తిన్నాం. రాత్రి మిగిలిన చేపల పులుసే. ఇప్పుడు రాయగలను: చింతపండు తక్కువ, వెల్లుల్లి ఎక్కువ, జొన్నరొట్టెతోనే తినాలి. తర్వాత రెండు గంటలు ఏ పనీ లేదు. పెళ్ళయ్యాక మాకు పని లేని మధ్యాహ్నం అదే మొదటిది. రహీం మియా ఇచ్చిన సీతాఫలాలు ముందు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. పెదవులు చదవడం నాకూ నేర్పుతానంది. గొంతు లేకుండా ఒక మాట అంది.

"మామ" అన్నాను.

తల అడ్డంగా ఊపి మళ్ళీ అంది.

"బాబా."

నవ్వింది. "ప, బ, మ మూడూ ఒక్క తీర్గనే కనవడ్తయ్ బావా. ముందుమాట, ఎనుక మాట చూసి పట్టుకోవాలె." మూడోసారి నాకు తెలిసింది. పాప. నేను గొంతు లేకుండా "మనకూ అయితది" అన్నాను. ఆమె సీతాఫలం గింజలు ఏరుతూ కూర్చుంది గాని చెంపలు ఎర్రబడ్డాయి.

రెండింటికి బండి ఎక్కాం. మూడున్నరకు సడక్ మీద బస్సు దొరికింది. పక్కపక్కన చోటు ఖాళీగా ఉన్నా ఎదురు బల్లల మీద కూర్చున్నాం. కండక్టరు చూసి, "జగడమయ్యిందా?" అన్నాడు. సుగుణే జవాబు చెప్పింది. "లేదన్నా, ముచ్చట వెట్టుకుంటున్నం."

దారి పొడుగునా మాట్లాడుకున్నాం. నిజామాబాద్ దవాఖానలో చెవులు చూసే డాక్టరు ఉన్నాడేమో కనుక్కుంటానని చెప్పాను. తగ్గుతుందని ఆశ పెట్టలేదు, నాకు తెలియదు గనక. "తక్కువ కాకపోయినా మంచిదే. పోదం. నేను రైలు ఎక్కలే ఇంతవరకు" అంది. ఇంట్లో చెప్పడానికి మాత్రం భయపడింది. నేను చెబుతానన్నాను. "నా ఎనుకకెళ్ళి చెప్పకు. నా ముంగటనే చెప్పు" అంది.

ఆరు కాకముందే ఇల్లు చేరాం. అమ్మ వాకిట్లోనే ఉంది. ముందు నా మీసం లేని మొహం చూసి నోరు తెరిచింది. నేను సుగుణను పక్కన నిలబెట్టి, ఆమెకు నా మొహం కనబడేటట్టు తిరిగి, జరిగిందంతా చెప్పాను. జ్వరం, చెవులు, చీరల మూట, అన్నీ. అమ్మ సుగుణ చెవి దగ్గరికి వచ్చి, వీధి మొత్తం వినేటట్టు, "వినవడ్తలేదా బిడ్డా?" అని అరిచింది.

"ఒర్రకు అత్తమ్మా. ఎదురుంగ నిలవడి మెల్లగ చెప్పు, సాలు" అంది సుగుణ.

అమ్మ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినబడింది, తర్వాత అదీ లేదు. మేము మూట దించి కాళ్ళు కడుక్కుంటున్నాం.

ఇంతవరకు నేను చేసిన ప్రయాణాల్లో ఇదే చిన్నది. దూరం వెళ్ళి వచ్చిన అలసట మాత్రం దీనికే కలిగింది, హాయి కూడా దీనికే. సాగర్ చూడాలనుకునే వాళ్ళు గేట్లు ఎత్తినప్పుడే వెళ్ళండి. వీలైతే ఇద్దరే వెళ్ళండి.

కాళ్ళు కడుక్కుని లేచేసరికి అమ్మ మళ్ళీ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సుగుణ వెనక వైపు నుంచి వస్తున్న అమ్మ ఆగి, చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదుట నిలబడింది. సుగుణ తల ఎత్తేదాకా ఆగింది. అప్పుడు అడిగింది, అరవకుండా.

"ఆకలయితుందా బిడ్డా?"

"అయితుంది అత్తమ్మా" అంది సుగుణ.