ఆయన చేసిన ఫ్రేము

తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ రోజూ పొద్దున్నే వరండాలోని పాత సూపర్‌బైకును గుడ్డతో తుడిచేది. డెబ్బైలలో యూనివర్సిటీ వర్క్‌షాపులో పనిచేస్తూ ఆమె భర్త ఒక విదేశీ ఇంజిన్ సంపాదించి, దానికి తగ్గ ఫ్రేమును తానే వెల్డింగ్ చేశాడట. ఆయన పోయాక ఎవరడిగినా ఆమె బండి అమ్మలేదు.

మొన్న బండి కొంటానని కాచిగూడ నుంచి వచ్చినతను ఇంజిన్, చక్రాలు చాలన్నాడు.

"తీస్కపో బిడ్డా. మా ఆయన చేసింది ఫ్రేమే గదా, అదొక్కటి ఉంటే చాలు," అన్నది.

అతను అవి విప్పి తీసుకెళ్లాక ఫ్రేమును లోపల పెట్టడానికి నేను సాయం వెళ్లేసరికి, ఆమె ఒక్కతే దాన్ని పైకెత్తింది.

"గింత అల్కగున్నదా," అన్నది మెల్లగా. "బరువుండొద్దని ఎన్ని దినాలు కష్టపడ్డడో. ఆయన ఉన్నప్పుడు ఒక్కసారన్న లేపి చూడకపోతిని."

అలాగే పట్టుకుని నిలబడిపోయింది.